చెంచాకు ఎన్ని ఎంఎల్

"ఏ చెంచతోని పోసినవ్ అత్తమ్మా?"

శారోన్ అడగడం ఇది మూడోసారి. ప్రేమమ్మ చాప మీద పడుకున్న మనవరాలి నుదుటి మీద అరచెయ్యి ఆనించి, "జరం తగ్గింది గద బిడ్డా. సూడు, ఒళ్ళు సల్లగైంది" అన్నది.

"జరం సంగతి అడుగుతలేను. చెంచ ఏదీ అంటున్న."

గోడవార నిద్రపోతున్న షాలేమ్ ఆ గొంతుకు లేచి కూర్చున్నాడు. రాత్రంతా కార్ఖానాలో సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య నిలబడి నేసి, పొద్దున ఏడింటికి వచ్చి పడుకున్న మనిషి. కళ్ళు సగమే తెరుచుకున్నాయి.

"ఏందే లొల్లి? డ్యూటీ నుంచి గింత జల్ది వచ్చినవేంది?"

శారోన్ అతని వైపు చూడలేదు. ఆమె చేతిలో ముప్పై ఎంఎల్ చిన్న సీసా ఉంది. ఖాళీది. చాప అంచు నుంచి గోడ దాకా ఎర్రగా, జిగటగా మందు ఒలికి ఉంది. గది నిండా నారింజ మిఠాయి వాసన. క్రిస్టినా ఒక పక్కకు తిరిగి కళ్ళు మూసుకుని ఉంది. గౌను మీద కక్కిన మరక ఇంకా ఆరలేదు. ఏడాదిన్నర పిల్ల. తల్లి ఇంట్లోకి వస్తే చెప్పుల చప్పుడుకే తప్పటడుగులు వేస్తూ గడప దాకా వచ్చే పిల్ల, ఇవాళ తల కూడా ఎత్తలేదు.

"సీస ఎవ్వలు ఒలకపోసిన్రు?"

"పోరే తన్నింది. అది కక్కింది తుడుసుడుకు బట్ట తెద్దమని నేను లేస్తి, అంతల్నే."

"ఒలకక ముందు ఎంతుండె?"

"గంత జూస్తనా నేను?"

శారోన్ కిటికీ మీదున్న అట్టపెట్టె తీసింది. లోపల ప్లాస్టిక్ డ్రాపర్, సన్నటి గీతలతో, కవరు కూడా చింపకుండా అలాగే ఉంది. పెట్టె మీద అక్షరాలు చదువుతుంటే ఆమె పెదవులు కదిలాయి. ఒక ఎంఎల్‌లో వంద మిల్లీగ్రాములు. దాని పక్కనే పాత సీసా ఉంది, పోయిన నెల జ్వరానికి తెచ్చి అయిపోయినది. అందులో ఐదు ఎంఎల్‌కు నూట ఇరవై ఐదు. అంటే ఒక ఎంఎల్‌కు ఇరవై ఐదు.

కాల్హేర్‌లో పార్సిళ్ళ గోదాములో రోజంతా ఆమె చేసే పని తూకమే. పార్సిల్ పెట్టాలి, తెర మీద గ్రాములు చూడాలి, మూడు గ్రాములు తేడా వస్తే పక్కకు తియ్యాలి. లెక్క ఆమెకు క్షణంలో తేలిపోయింది. 

"ఇది పాత మందు కాదు" అన్నది నెమ్మదిగా. "నాలుగింతలు ఘాటు. దీన్ని చెంచతోని పొయ్యద్దు. ఒక్క ఎంఎల్ గూడ కాదు, పాయింట్ ఎనిమిది. ఈ గొట్టంతోని, ఈ గీత దాక."

"పాయింటు గీయింటు నాకేం ఎర్క?" ప్రేమమ్మ గొంతు లేచింది. "మా కాలంల డాక్టరు సీసకు కాయిదం గాట్లు అంటించి ఇచ్చేటోడు. ఒక గాటు పొద్దున, ఒక గాటు మాపటికి. గాట్లు లేకుంటె చెంచెడు. ముగ్గురు పిల్లల్ని అట్లనే సాదిన. నీ మొగన్ని గూడ."

"గదే, ఆ చెంచ ఏదీ?"

ప్రేమమ్మ చూపు స్టవ్ దగ్గరికి పోయింది. అక్కడ బోర్లించిన గిన్నె పక్కన పాత స్టీలు చెంచా ఉంది. జగిత్యాల నుంచి భీవండికి వచ్చినప్పుడు మూటలో తెచ్చుకున్నది. గుండ్రంగా, గుంత లోతుగా, కాడ మీద పేరు చెక్కించి ఉంటుంది.

శారోన్ దాన్ని తీసి, ఖాళీ సీసాతో కలిపి సంచిలో వేసుకుంది. పిల్లను భుజం మీదికి ఎత్తుకుంది.

"రిక్ష ఆపు పో" అన్నది భర్తతో. "సూసుకుంట నిలబడితె గాదు."

"ఎటు పోవాలె? జరం తగ్గిందంటున్నది గద అమ్మ..."

"షాలేమ్!"

ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అతను చొక్కా గుండీలు పెట్టుకోకుండానే మెట్లు దిగాడు.

*

కనేరిలోని తమ వాడ నుంచి రిక్షా దవాఖానకు బయల్దేరింది.

రెండు వైపులా సాంచాల చప్పుడు. ఆ చప్పుడులో పిల్ల ఊపిరి వినపడక శారోన్ మాటిమాటికీ చెవి దాని ముక్కు దగ్గర పెడుతోంది. ప్రేమమ్మ ఆ పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. మధ్యలో ఒకసారి చెయ్యి చాచి పిల్ల పాదం పట్టుకోబోయింది. శారోన్ పాదాన్ని చీరలోకి లాక్కుంది. ప్రేమమ్మ చెయ్యి అక్కడే కాసేపు గాలిలో ఉండి, ఒళ్ళోకి తిరిగి వచ్చింది.

వాళ్ళిద్దరి మధ్య ఈ కొలతల పంచాయితీ ఈ రోజుది కాదు. శారోన్ బియ్యానికి కొలత కప్పు తెచ్చిన రోజు ప్రేమమ్మ అన్నం తినలేదు. నేను చారెడు పోస్తే పదిమందికి సరిపొయ్యేది, నీ కప్పు నాకు నేర్పుతదా అన్నది. పక్కింటి దుర్గవ్వతో కోడలి గురించి చెప్పేటప్పుడు "మా తూకాల కోడలు" అని నవ్వేది. శారోన్‌కు ఆ పేరు తెలుసు. తెలియనట్టు ఉండేది. ఇంట్లో పిల్లను చూసుకునే మనిషి ఆమె ఒక్కతే గనక.

షాలేమ్ ముందు సీటులో డ్రైవరు పక్కన సగం వేలాడుతూ కూర్చున్నాడు. రెండుసార్లు వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు. శారోన్ మొహం చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

మధ్యాహ్నం రెండుంబావుకు పిల్లల దవాఖాన మెట్లెక్కారు.

*

డ్యూటీలో ఉన్న డాక్టరు పేరు స్వప్నిల్. కుర్రవాడు, ముప్పై కూడా ఉండవు. పిల్ల కనురెప్పలు తెరిచి చూశాడు, పొట్ట నొక్కాడు. నొక్కినప్పుడు క్రిస్టినా మూలిగింది. ఆ మూలుగు విని శారోన్‌కు ప్రాణం లేచి వచ్చింది.

"ఎంత ఇచ్చారు?" హిందీలో అడిగాడు డాక్టరు.



"చెంచా" అన్నది ప్రేమమ్మ.

"చెంచా అంటే ఎన్ని ఎంఎల్?"

శారోన్ సంచిలో నుంచి చెంచా తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు దాన్ని ఒకసారి తిప్పి చూశాడు. నర్సును పిలిచి, పది ఎంఎల్ సిరంజి తెమ్మన్నాడు.

నర్సు పేరు కళ. నడివయసు మనిషి. ఆమె చెంచాను రెండు వేళ్ళతో కదలకుండా పట్టుకుంది. డాక్టరు సిరంజిలో పది గీత దాకా నీళ్ళు తీసి, చెంచాలోకి నెమ్మదిగా వదలడం మొదలుపెట్టాడు.

రెండు. మూడు. నాలుగు.

ఐదు దగ్గర శారోన్ ముందుకు వంగి చూసింది. మందు చెంచా ఐదే ఉంటుంది, ఐదు దగ్గర నిండిపోవాలి. నిండలేదు. గుంతలో ఇంకా చాలా చోటుంది.

ఆరు. ఏడు.

నీళ్ళు అంచు దాకా వచ్చి, అంచు పైకి కొంచెం ఉబ్బి నిలిచాయి. సిరంజిలో రెండు ఎంఎల్ మిగిలాయి.

"ఎనిమిది" అన్నాడు డాక్టరు. "నిండుగా పోశారా, సగమా?"

"నిండ పోస్తెనే గద చెంచెడు" అన్నది ప్రేమమ్మ తెలుగులో. షాలేమ్ హిందీలో చెప్పాడు.

పిల్లను తూచారు. తొమ్మిది కిలోల రెండు వందలు. డాక్టరు ఒక కాగితం తీసుకుని లెక్క వేస్తూ, వేసింది వేసినట్టు పైకి చెప్పాడు. ఒక చెంచా అంటే ఎనిమిది వందల మిల్లీగ్రాములు. ఈ బరువు పిల్లకు పదమూడు వందల ఎనభై దాటితే లివర్‌కు దెబ్బ తగిలే భయం.

"ఒక చెంచా అయితే ఫర్వాలేదు. చూస్తూ ఉంటాం. రెండైతే విరుగుడు మందు ఎక్కించాలి. ఆ పైన అయితే ఇంకా తొందరపడాలి."

"కానీ సార్, ఇప్పుడు బాగనే ఉంది గద?" షాలేమ్ గొంతులో ఆశ. "జరం గూడ లేదు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఇవాళ బాగానే కనపడుతుంది. రేపు కూడా కనపడొచ్చు. ఈ మందు దెబ్బ రెండు మూడు రోజుల తర్వాతే బయటపడేది. అప్పుడు విరుగుడు ఇచ్చినా అంత పని చెయ్యదు. మొదటి ఎనిమిది గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది."

"రక్తం పరీక్ష చేస్తే తెల్వదా?"

"తీసి ఠాణే ఊళ్ళో ల్యాబుకు పంపిస్తాం. రిపోర్టు రేపొస్తుంది. ఇప్పుడు నాకున్న దారి మీ నోటి మాట ఒక్కటే. ఎన్ని చెంచాలు పోశారు? ఎప్పుడెప్పుడు?"

ఆ మాటంటూనే ఆయన ఇంకో కాగితం లాగాడు. "ఇలాంటి కేసు పోలీసులకు రాసి పంపాలి. రూలు. భయపడకండి, పిల్లకు ఎవరు ఏమిచ్చారో వచ్చి అడిగి రాసుకుంటారు, అంతే."

'పోలీసు' అన్న మాట దగ్గర షాలేమ్ రెండడుగులు వెనక్కి వేశాడు. పోయిన వానాకాలం టెంఘర్ కార్ఖానాలో సాంచాలో చెయ్యి పడి ఒకతను పోతే, పక్క సాంచా మీద పనిచేసిన పాపానికి షాలేమ్ స్నేహితుణ్ణి మూడు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ఆ సంగతి వాడలో అందరికీ తెలుసు.

"ఒక్కటే" అన్నది ప్రేమమ్మ.

అందరూ ఆమె వైపు చూశారు.

"ఒక్క చెంచనే పోసిన. పొద్దున తొమ్మిదిన్నరకు."

షాలేమ్ "యేసయ్యా" అంటూ గోడకు ఆనుకున్నాడు. "ఒక్కటే అంట సార్. ఏక్ హీ."

డాక్టరు శారోన్ వైపు చూశాడు. "మీరు ఇంట్లో ఉన్నారా?"

"లేను" అన్నది శారోన్. "డ్యూటీల ఉన్న."

అక్కడితో ఆపేసింది.

ఒక్కటి కాదని ఆమెకు తెలుసు. గోదాములో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. పదకొండు గంటల చాయ్ విరామంలో ఆమె ఫోన్ తీసుకుని చూసేసరికి అత్త పేరు మీద నాలుగు మిస్డ్ కాల్స్. తిరిగి చేసింది. "ఒళ్ళు కాలుతున్నది బిడ్డా, ఇంకింత పొయ్యాల్నా?" అన్నది ప్రేమమ్మ. వెనక సూపర్‌వైజరు ఈల వేస్తున్నాడు. "పొయ్యి, పొయ్యి. జరం దిగాలె" అని పెట్టేసింది. ఏ సీసా అని అడగలేదు. ఎంత పోశావని అడగలేదు. ఎంతసేపటి కింద పోశావని అడగలేదు. గ్రాము తేడా వస్తే పార్సిల్ పక్కన పెట్టే మనిషి, తన బిడ్డ మందుకు ఒక్క అంకె అడగలేదు.

ఇప్పుడు ఆ మాట చెప్పాలి. పక్కనే షాలేమ్ ఉన్నాడు. ఆ వెనకే పోలీసు వస్తాడు.

డాక్టరు కాగితం మీద 'ఒకటి' అని రాసుకున్నాడు. ఆరు గంటలు చూద్దాం అని కళతో అన్నాడు.

*

ప్రేమమ్మ మెట్ల దగ్గరికి పోయి కింది మెట్టు మీద కూర్చుంది. శారోన్ వెంట పోయి ఎదురుగా నిలబడింది.

"ఒక్కటి కాదు అత్తమ్మా."

"ఒక్కటే."

"అబద్ధం జెప్తున్నవ్."

"ఒక్కటే అంటున్న గద!"

"నీకు పోలీసోళ్ళ భయం. దాని పానం మీద భయం లేదు."

ఆ మాటకు ప్రేమమ్మ తలెత్తింది. కొట్టినా ఆమె మొహం అంతగా మారి ఉండేది కాదు. మెట్ల మీద ఎవరో పైకి పోతూ వాళ్ళను దాటుకుని పోయారు. దూరంగా ఇంకో పిల్ల ఏడుస్తోంది. గోడ గడియారంలో మూడుంబావు. తొమ్మిదిన్నర నుంచి ఎనిమిది గంటలంటే ఐదున్నర. శారోన్ వద్దనుకున్నా లెక్క దానంతటదే నడుస్తోంది.

ఈ కోపంతో అడిగితే అత్త నోట్లో నుంచి ఏమీ రాదని శారోన్‌కు అప్పుడు అర్థమైంది. ఇంకా బిగుసుకుంటుంది. అత్త ఎంతో, తనూ అంతే. ఇందాక డాక్టరు ముందు తను మాత్రం ఏం చెప్పింది?

ఆమె వచ్చి అదే మెట్టు మీద, అత్త పక్కన కూర్చుంది. 

"పదకొండు గంటలకు ఫోన్ చేసినవ్" అన్నది శారోన్. "పొయ్యి అని నేనే అన్న. డాక్టర్ అడిగితే నేను గూడ చెప్పలే. భయమైంది."

ప్రేమమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంది.

"నేను చెప్త. రెండోది నేనే పొయ్యమన్న అని నేనే చెప్త. నువ్వు ఎన్ని పోసినవో అది ఒక్కటి జెప్పు."

"నువ్వెందుకు జెప్తవ్?" ప్రేమమ్మ గిర్రున ఇటు తిరిగింది. "రెండంటే, రెండోది ఎవ్వలు పొయ్యమన్నరు అంటరు. నీ పేరు వస్తది. తల్లివి నువ్వు. దానికి పాలిచ్చేదానివి. నిన్ను తీస్కపోతె పోరి ఏమైతది? అందుకే ఒక్కటే అన్న. నేను ముసల్దాన్ని, నన్ను తీస్కపోనీ అనుకున్న."

శారోన్ ఆమె మొహంలోకి చూసింది. ఐదేళ్ళు ఒక్క గదిలో ఉండి కూడా ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కళ్ళ కింద చర్మం నల్లగా ముడుచుకుపోయి ఉంది.

"అత్తమ్మా, దానికి మందు ఎక్కియ్యాలె. ఒక్కటే అన్న నీ మాట నమ్మి ఎక్కిస్తలేరు."

"ఎక్కియ్యాలెనా?" ప్రేమమ్మకు అప్పటిదాకా ఆ సంగతి తలకెక్కలేదు. డాక్టరు హిందీలో పోలీసు అన్న ఒక్క మాటే చెవిలో పడింది. "ఒక్కటంటె మంచిదనుకున్న నేను. తక్కువ జెప్తె మంచిదే గద అనుకున్న."

"తక్కువ జెప్తె సచ్చిపోతది."

ప్రేమమ్మ రెండు చేతులూ మొహం మీద పెట్టుకుంది. వేళ్ళ సందుల్లో నుంచి మాట సన్నగా వచ్చింది.

"మూడు."

శారోన్ ఆ చేతుల్ని మొహం మీది నుంచి లాగింది.

"మూడోది ఎప్పుడు?"

"పన్నెండున్నరకు. నువ్వు హాఫ్ డే పెట్టి, గేటుకాడికెళ్లి మళ్ళ ఫోన్ జేసి వస్తున్ననంటివి. నువ్వచ్చే యాళ్ళకు జరం ఉంటె... పొద్దటిసంది ఏం జేసినవ్ అంటవ్. నీ కొలతలు, నీ కాయిదాలు తీస్తవ్. దింపాలె, ఎట్లన్న దింపాలె అని..."

ఆమె మాట పూర్తి కాకముందే శారోన్ లేచి పరుగెత్తింది.

*

"మూడు సార్. తీన్. తొమ్మిదిన్నర, పదకొండు, పన్నెండున్నర. మూడూ నిండు చెంచాలే. రెండోది నేనే పొయ్యమన్న, ఫోన్‌ల. రాస్కోండి, నా పేరు గూడ రాస్కోండి."

స్వప్నిల్ ఆమెను మందలించలేదు. అడగాల్సింది అడిగాడు. ఎన్నిసార్లు కక్కింది, ఎప్పుడు కక్కింది. ఒంటిగంటకు ఒకసారి, మళ్ళీ ఒంటిగంటంబావుకు ఒకసారి అని వెనకే వచ్చిన ప్రేమమ్మ చెప్పింది. ఆయన కాగితం మీద ఒకటి కొట్టేసి మూడు వేశాడు. ఇరవై నాలుగు ఎంఎల్. రెండువేల నాలుగు వందలు. ఆ అంకె కింద గీత గీసి ఒక్క క్షణం అలాగే చూశాడు.

"కక్కింది ఎంతో మనకు తెలియదు. లెక్కలో తీసెయ్యలేం. రిపోర్టు కోసం ఆగొద్దు" అన్నాడు కళతో. "సెలైన్ పెట్టండి. విరుగుడు ఇప్పుడే మొదలుపెడదాం."

తలుపు పక్కన షాలేమ్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"నువ్వా పొయ్యమన్నది?" అన్నాడు శారోన్‌తో. "ఇంట్ల మా అమ్మ మీద గంతగనం ఒర్రితివి. నువ్వా?"

"అవును. నేనే."

"నాతోని ఎందుకు చెప్పలే?"

"నువ్వు మూడడుగుల దూరంల పండుకున్నవ్. పిల్ల ఏడుస్తుంటె లేచి సూసినవా నువ్వు?"

అతని దవడ బిగిసింది. చెయ్యి లేస్తుందేమో అని ప్రేమమ్మ మధ్యలోకి వచ్చింది. చెయ్యి లేవలేదు. షాలేమ్ మొహం మెల్లగా కరిగిపోయినట్టయింది. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"నిన్న మాపటికి మందు తెచ్చింది నేను" అన్నాడు నేల చూస్తూ. "పాత తీరు సీస లేదు, ఇవి చుక్కలు, గొట్టంతోనే పొయ్యాలె అని దుకాణపోడు చెప్పిండు. డ్యూటీకి టైం అయితుండె. సీస కిటికీల పెట్టి ఉరికిన. ఎవ్వలకు చెప్పలే."

లోపల నుంచి క్రిస్టినా కెవ్వుమంది. సూది గుచ్చుతున్నారు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. చిన్న చేతికి నరం దొరకడం లేదు. ప్రతి కేకకూ ప్రేమమ్మ ఒళ్ళు ముడుచుకుపోతోంది.

మూడు నలభైకి విరుగుడు మొదలైంది.

*

ఇరవై ఒక్క గంటలు ఎక్కించాలన్నారు. రేపు లివర్ పరీక్ష, ఎల్లుండి మళ్ళీ ఒకటి.

"బతుకుతది గద సార్?" అని శారోన్ అడిగింది. డాక్టరు టైములో వచ్చారు అన్నాడు. ఆమె ఇంకోసారి అడిగింది. ఆయన ఇంకోసారి అదే మాట అన్నాడు. అవును అని మాత్రం అనలేదు.

షాలేమ్ కిందికి పోయి వచ్చాడు. ఆరింటికి పోలీసు హవల్దార్ వస్తాడట. ముగ్గురూ ఇక్కడే ఉండాలట. అది చెప్పి, భార్యకు రెండడుగుల దూరంలో కూర్చున్నాడు. ఇంతకు ముందైతే పక్కనే కూర్చునేవాడు.

ప్రేమమ్మ బెంచీ చివర ఉంది. పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. కదిలి కదిలి ఆగిపోయాయి. ఉన్నట్టుండి అన్నది.

"రేపు నేను జగిత్యాల పోత. అక్కడ మా తమ్ముని ఇల్లున్నది."

షాలేమ్ తల ఎత్తి శారోన్ వైపు చూశాడు. ఆమె ఏదో ఒకటి అంటుందని చూశాడు. వద్దు అనైనా, పో అనైనా.

శారోన్ వార్డు తలుపు వైపే చూస్తోంది. ఈ మనిషి చేతుల్లో ఇంకెప్పుడైనా బిడ్డను పెట్టి గోదాముకు పోగలదా తను? లోపల వెతికి చూసుకుంటే భయం తప్ప ఇంకేమీ తగల్లేదు. అత్త మీద భయం. అంతకంటే ఎక్కువగా, ఈల వినపడగానే ఫోన్ పెట్టేసిన తన మీద భయం.

ఐదున్నర దాటింది.

వార్డు తలుపు తెరుచుకుంది. కళ బయటికి వచ్చింది.

"లేచింది. సెలైన్ సూది లాగేసుకుంటోంది. మేం పట్టుకుంటే ఇంకా ఏడుస్తోంది. ఎవరో ఒకరు లోపలికి రండి. ఒక్కరే."

శారోన్ అప్పటికే లేచి నిలబడింది. తలుపు దాకా పోయింది. సందులో నుంచి క్రిస్టినా గొంతు వినపడింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"బాప్పా... బాప్పా..."

నాయనమ్మను బాపమ్మ అని పిలవడానికి నోరు తిరగని పిల్ల పలికే మాట. పొద్దంతా తనను ఎత్తుకుని తిరిగే మనిషి కోసం వెతుక్కుంటున్న మాట.

శారోన్ గడప మీదే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. ప్రేమమ్మ బెంచీ మీది నుంచి సగం లేచి, సగంలోనే ఉండిపోయింది.

"నిన్నే పిలుస్తున్నది" అన్నది శారోన్.

"నువ్వు పో బిడ్డా."

"నిన్ను పిలుస్తున్నది అత్తమ్మా. నేను పోతె ఊకోదు."

"నా చేతులకు ఇయ్యకు." ప్రేమమ్మ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. "దండం బెడ్త. నా చేతులకు ఇయ్యకు దాన్ని."

"జల్దీ కరో!" కళ లోపలి నుంచి కసిరింది. ఏదో లోహపు గిన్నె కింద పడ్డ చప్పుడు.

శారోన్ రెండంగల్లో వచ్చి అత్త మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నది లోపలికి తోయడానికో, పక్కకు జరిపి తనే పోవడానికో ఆ క్షణాన ఆమెకే తెలియదు.

లోపల క్రిస్టినా ఇంకోసారి పిలిచింది.